కదిలే ఇసుక మీద విడిది: పులికాట్ అవరోధ దీవి, తిరుపతి విహారులు

2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో కొత్త జిల్లాలు అమల్లోకి వచ్చినప్పుడు తిరుపతి జిల్లాకు దక్కిన వాటిలో పెద్దగా చర్చకు రానిది సముద్రం. ఉమ్మడి చిత్తూరు జిల్లాకు తీరం లేదు. సెలవులంటే తలకోన జలపాతమో, హార్స్‌లీ హిల్స్ చల్లదనమో, కల్యాణి డ్యామ్ పరిసరాలో గుర్తొచ్చేవి. అలలు చూడాలనిపిస్తే చెన్నై మెరీనాకో, నెల్లూరు దాటి మైపాడుకో పోవలసి వచ్చేది. నెల్లూరు జిల్లాలో ఉన్న సూళ్లూరుపేట, తడ ప్రాంతాలు వచ్చి కలవడంతో, శ్రీకాళహస్తి, నాయుడుపేటల మీదుగా సుమారు 90 కిలోమీటర్ల దూరంలో ఉన్న పులికాట్ సరస్సు, దానికి తూర్పున ఉన్న శ్రీహరికోట తిరుపతి జిల్లా పటంలోకి వచ్చాయి. శ్రీహరికోట అనగానే రాకెట్ గుర్తుకు రావడం సహజమే. అయితే భూగోళ శాస్త్రం దృష్టిలో అది ఒక అవరోధ దీవి. దేశంలో ఇంత పెద్దదిగా ఉండి, సముద్రం వైపు ఇంత తక్కువగా చెడిపోయినవి అరుదు. ప్రశాంతమైన ఇసుక దీవిలో సెలవులు గడపాలన్న కోరిక ఈ జిల్లా వాసులకు కలిగితే అది ఎంతవరకు తీరుతుంది, ఎలా తీరితే దీవికి నష్టం ఉండదు అన్నవి ఇప్పుడు ఆలోచించదగిన ప్రశ్నలు.

తీరానికి సమాంతరంగా, ప్రధాన భూభాగానికి కొంత ఎడంగా, సన్నగా పొడవుగా పేరుకున్న ఇసుక మేటే అవరోధ దీవి. దానికి ఒక పక్క సముద్రం, మరో పక్క లోతు తక్కువగా ఉండే ఉప్పునీటి సరస్సు ఉంటాయి. సముద్రపు దెబ్బను ముందుగా తానే కాచుకుని, వెనకనున్న సరస్సును, ఊళ్లను కాపాడుతుంది. 2011లో వెలువడిన ఒక లెక్క ప్రకారం ప్రపంచంలో ఇటువంటి దీవులు 2,149 ఉన్నాయి. తెలుగువారికి తెలిసిన మరో ఉదాహరణ కాకినాడ తీరాన్ని కాస్తున్న హోప్ ఐలాండ్. అది గోదావరి తెచ్చిన ఒండ్రుతో గత రెండు శతాబ్దాల్లో పెరిగిన ఇసుక నాలుక. శ్రీహరికోట దానికంటే చాలా పాతది. చివరి మంచుయుగం తరువాత వేగంగా పెరుగుతూ వచ్చిన సముద్ర మట్టం సుమారు 6,000 నుంచి 7,000 ఏళ్ల కిందట నిలకడకు వచ్చింది. ప్రపంచంలోని చాలా అవరోధ దీవుల మాదిరిగానే ఇక్కడా ఆ తరువాతి కాలంలో ఇసుక గట్లు వరసలు వరసలుగా పేరుకున్నాయి. మధ్యలో వెడల్పుగా, కొసలు సన్నగా, కదురు ఆకారంలో ఉన్న నేటి దీవి ఆ వరసల మొత్తమే.

దీవి ఇంత చెక్కుచెదరకుండా ఉండడానికి కారణం పర్యావరణ స్పృహ కాదని ముందే ఒప్పుకోవడం మంచిది. 1969లో రాకెట్ ప్రయోగాల కోసం ఈ చోటును ఎంపిక చేశారు. తూర్పున అంతా సముద్రమే కావడం, భూమధ్యరేఖకు దగ్గరగా ఉండడం, జనం తక్కువగా ఉండడం అందుకు కారణాలు. 1971 అక్టోబరు 9న రోహిణి-125 అనే చిన్న రాకెట్‌తో ఇక్కడి ప్రయోగ కేంద్రం పనిచేయడం మొదలుపెట్టింది. 2002లో దానికి సతీశ్ ధవన్ పేరు పెట్టారు. ఇస్రో రాకముందు ఈ దీవిలో ఎక్కువ భాగం వంటచెరకు కోసం పెంచిన సరుగుడు, యూకలిప్టస్ తోపులే. అంటే అప్పటికే మనుషులు బాగా వాడుకున్న నేల ఇది. ప్రయోగ కేంద్రానికి కావలసిన కట్టడాలు కొంత మేర ఆక్రమించినా, భద్రత కోసం వదిలిన మిగతా భూమిలో అడవి నిలదొక్కుకుంది. కోరమాండల్ తీరంలో దాదాపు కనుమరుగైన పొడి సతతహరిత అడవి పెద్ద విస్తీర్ణంలో మిగిలి ఉన్న కొద్ది చోట్లలో శ్రీహరికోట ఒకటి. కంచె వేసి కాపలా పెట్టిన చోటే అడవి బతికిందన్నది కొంచెం ఇబ్బంది పెట్టే వాస్తవం, ఎందుకంటే ఆ కంచె మనుషులనూ బయటకు పంపింది. దీవిని తరతరాలుగా ఇల్లు చేసుకున్న యానాదులు తేనె, దుంపలు, వనమూలికలు సేకరించి బతికినవారు. 19వ శతాబ్దపు ప్రభుత్వం వారిని అటవీ ఉత్పత్తులు తెచ్చిపెట్టే కూలీలుగా చూసింది. 20వ శతాబ్దపు ప్రభుత్వం చాలా పల్లెలను ఖాళీ చేయించింది. పాడవని దీవి అన్న మాట వాడే ప్రతి పర్యాటక ప్రచారమూ ఈ ఖాళీ ఎలా ఏర్పడిందో దాటవేస్తుంది.

ఇక అసలు చిక్కు నీటి దగ్గర ఉంది. నెల్లూరు తీరపు రైతులకు దొరువులు, అంటే ఇసుకలో తవ్వే లోతులేని నీటి గుంటలు, కొత్త కాదు. ఇసుక నేలలో నాలుగడుగులు తవ్వితే తియ్యటి నీరు ఊరుతుంది. సముద్రం కూతవేటు దూరంలో ఉన్నా ఆ నీరు ఉప్పుగా ఉండదు. వాన నీరు ఇసుకలోకి ఇంకి, కింద ఉన్న ఉప్పునీటి మీద తేలుతూ నిలవడమే దీనికి కారణం. ఉప్పునీటి సాంద్రత మంచినీటి కంటే రమారమి నలభయ్యో వంతు ఎక్కువ. అందువల్ల సముద్ర మట్టానికి పైన మంచినీరు ఒక్క అడుగు ఎత్తున నిలిచి ఉంటే, ఆ మట్టానికి కింద దాదాపు 40 అడుగుల మందాన మంచినీటి పొర ఉంటుంది. గైబెన్, హెర్జ్‌బర్గ్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞుల పేరుతో ఈ సూత్రం ప్రసిద్ధం. వినడానికి ఎంతో లాభసాటిగా ఉన్న ఈ లెక్క తిరగబడితే అంతే ప్రమాదకరం: మోటార్లతో తోడి ఆ పై మట్టాన్ని ఒక్క అడుగు తగ్గిస్తే, కాలక్రమంలో కింది నుంచి ఉప్పునీరు 40 అడుగులు పైకి ఎగబాకుతుంది. రోజూ కొద్ది బిందెల నీరు చేదుకునే పల్లె ఈ సమతౌల్యాన్ని చెడగొట్టదు. యాభై గదుల రిసార్టు, దానికో ఈతకొలను, పచ్చిక తోట ఉంటే మాత్రం కొన్ని వేసవుల్లోనే బోర్లలో ఉప్పు పడుతుంది. అదే పొర మీద దీవి అడవి కూడా ఆధారపడి ఉంది కనుక నష్టం రిసార్టుతోనే ఆగదు. ట్యాంకర్లతో నీరు తెప్పించుకుంటామన్నా మురుగునీటి సంగతి మిగిలే ఉంటుంది. ఇసుక ఎంత సులువుగా వానను ఇంకించుకుంటుందో సెప్టిక్ ట్యాంకు నీటినీ అంతే సులువుగా ఇంకించుకుంటుంది.

రెండో చిక్కు ఇసుక కదలిక. నైరుతి రుతుపవనాల కాలంలో అలలు తీరం వెంబడి ఇసుకను ఉత్తరానికి, ఈశాన్య రుతుపవనాల కాలంలో దక్షిణానికి తోస్తాయి. ఏడాది మొత్తం మీద తూర్పు తీరంలో ఉత్తరం వైపు వెళ్లేదే ఎక్కువ. తుపాను వచ్చినప్పుడు ఉప్పెన నీరు దిబ్బల మీదుగా పొర్లి, సముద్రం వైపున్న ఇసుకను తీసుకెళ్లి సరస్సు వైపు పోస్తుంది. 1984 నవంబరులో ఒక తీవ్రమైన తుపాను శ్రీహరికోట సమీపంలోనే తీరం దాటింది. ఒక వైపు కోసుకుపోవడం, మరో వైపు పెరగడం అన్న ఈ ప్రక్రియ మనిషి కంటికి విధ్వంసంగా కనిపిస్తుంది గానీ, అవరోధ దీవి బతికేదే అలా. సముద్ర మట్టం పెరిగేకొద్దీ అది మునిగిపోకుండా భూభాగం వైపు జరుగుతూ పోతుంది. దిబ్బల మీద పెరిగే ముళ్ల గడ్డి, జనం రావణాసురుడి మీసాలు అని పిలిచేది, గాలికి ఎగిరే ఇసుకను వేళ్ల దగ్గర పట్టి ఆపుతుంది. నేల మీద పాకుతూ ఊదారంగు పూలు పూసే ఇసుక తీగ దానికి తోడు. నాలుగు జీపులు రోజూ ఒకే దారిలో తిరిగితే ఈ రెండూ చస్తాయి, ఆ దారి వెంటే తరువాతి ఉప్పెన లోపలికి వస్తుంది.

కదిలే నేల మీద కదలని కట్టడం కడితే ఏమవుతుందో అమెరికా తూర్పు తీరం చెబుతుంది. నార్త్ కరోలినాలోని కేప్ హాటరస్ దీపస్తంభాన్ని 1870లో కట్టినప్పుడు సముద్రం దానికి సుమారు 460 మీటర్ల దూరంలో ఉండేది. వందేళ్లు తిరిగేసరికి అది 40 మీటర్ల లోపుకు వచ్చింది. చివరికి 1999లో ఆ స్తంభాన్ని పెకలించి, పట్టాల మీద సుమారు 880 మీటర్లు వెనక్కి జరిపారు. మయామీ బీచ్ నగరం కూడా అవరోధ దీవి మీదే వెలిసింది. హోటళ్ల ముందు ఇసుక కొట్టుకుపోతే 1970వ దశకం చివర్లో సముద్రపు అడుగు నుంచి తోడి తెచ్చి పోయవలసి వచ్చింది, ఆ పని ఒకసారితో తీరలేదు కూడా. హోటలు కట్టినవాడి లాభం ప్రైవేటుది, ఇసుక పోసే ఖర్చు ప్రజలది కావడం ఇక్కడి లెక్కల్లో ఎక్కువగా కనిపించని అంశం.

జనవరి నుంచి మార్చి వరకు ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఈ తీరంలో రాత్రిపూట ఒడ్డెక్కి గుడ్లు పెడతాయి. 45 నుంచి 60 రోజుల్లో పిల్లలు బయటికి వస్తాయి. చీకట్లో కాస్త వెలుతురుగా కనిపించే సముద్రం వైపు నడవడం వాటి సహజ గుణం. ఒడ్డున విద్యుద్దీపాలుంటే అవి అటే నడిచి తెల్లారేసరికి ఎండకు, కుక్కలకు, కాకులకు బలవుతాయి. సముద్రానికి ఎదురుగా వెలుగుల తోరణంతో ఉండే గది పర్యాటకుడు కోరుకునే గది కావచ్చు, తాబేలుకు మాత్రం అది ఉరి. తాబేళ్లు గుడ్లు పెట్టే చోట్లను, ఇసుక దిబ్బలను తీరప్రాంత నియంత్రణ నిబంధనలు అత్యంత సున్నితమైన మండలంగా గుర్తించడం ఇందుకే.

ఇవన్నీ చూశాక అవరోధ దీవిలో విహారమే కూడదని అనుకోనక్కరలేదు. అమెరికాలోనే జార్జియా రాష్ట్రపు కంబర్లాండ్ దీవి మరో దారి చూపింది. 1972లో జాతీయ సముద్రతీరంగా ప్రకటించిన ఆ దీవికి వంతెన లేదు. పడవలో వెళ్లాలి, రోజుకు సుమారు 300 మందికే అనుమతి. తిండి వెంట తీసుకెళ్లాలి, చెత్త వెంట తెచ్చుకోవాలి. ఇంత కట్టడి మన దగ్గర కుదరదనే వాదన తిరుపతిలో నిలవదు. ఏ రోజు ఎంతమంది కొండెక్కాలో, ఏ గంటకు ఎవరు క్యూలోకి రావాలో టోకెన్లతో నిర్ణయించే ఏర్పాటుకు ఈ నగరం ఏళ్ల తరబడి అలవాటు పడింది. తిరుమలలో ప్లాస్టిక్ సీసాల నిషేధానికీ అలవాటు పడింది. దైవ దర్శనానికి ఒప్పుకున్న క్రమశిక్షణను పులికాట్ పక్షుల దర్శనానికి అడిగితే ఎవరూ ఎదురు చెప్పరు. కొరత జనం ఓపికది కాదు, నియమం పెట్టి నడిపించే వ్యవస్థది.

శ్రీహరికోట సముద్ర తీరం సామాన్యుడికి మూసి ఉన్న మాట నిజమే. కానీ అవరోధ దీవిని అనుభవించడానికి సముద్రం వైపే వెళ్లాలన్న నియమం లేదు. దాని సంపదలో సగానికి పైగా వెనకనున్న సరస్సులోనే ఉంది. ప్రళయకావేరి అని ఈ ప్రాంతంలో పిలుచుకునే పులికాట్, చిలికా తరువాత దేశంలో రెండో అతి పెద్ద ఉప్పునీటి సరస్సు. సుమారు 60 కిలోమీటర్ల పొడవున్న ఈ సరస్సులో అత్యధిక భాగం ఆంధ్రప్రదేశ్‌దే, దక్షిణపు కొస మాత్రం తమిళనాడుది. సూళ్లూరుపేట పక్కగా పారే కాళంగి ఇందులోనే కలుస్తుంది. తిరుపతి కొండల ప్రాంతంలో మొదలై శ్రీకాళహస్తి గుడి పక్కగా సాగే స్వర్ణముఖి నీరు కొంత దీని ఉత్తరపు కొసకు చేరుతుంది, దక్షిణాన ఆరణి వస్తుంది. సగటు లోతు మనిషి నడుము దాటని ఈ నీరే ఫ్లెమింగోలకు కావలసింది. పొడవైన కాళ్లతో నిలబడి, తల కిందులు చేసి, వంకర ముక్కుతో బురదనీటిని వడగట్టి తినే ఆ పక్షికి లోతైన నీరు పనికిరాదు.

సూళ్లూరుపేట నుంచి షార్ (శ్రీహరికోట ప్రయోగ కేంద్రం) ద్వారం వరకు ఉన్న సుమారు 18 కిలోమీటర్ల రోడ్డులో ఎక్కువ భాగం సరస్సు మధ్యగా సాగుతుంది. అక్టోబరు చివరి నుంచి మార్చి వరకు, అందులోనూ సంక్రాంతి ముందు వెనకల, తెల్లవారుజామున ఈ రోడ్డు మీద నిలబడితే రెండు వైపులా పక్షులే. దారిలోని అటకానితిప్ప దగ్గర అటవీశాఖ కేంద్రం ఉంది. ఈ రోడ్డు మేలు మాత్రమే చేయలేదన్నది కూడా చెప్పాలి: సరస్సును అడ్డంగా కోసి ఉత్తర భాగంలో నీటి రాకపోకలను తగ్గించింది. వేసవిలో ఆ వైపు నీరు ఇంకిపోయి, ఉప్పు పేరుకున్న బురద నేల బయటపడడం ఏటా కనిపించేదే.

నాయుడుపేట, సూళ్లూరుపేటల మధ్య జాతీయ రహదారికి దగ్గరలో దొరవారిసత్రం మండలంలోని నేలపట్టు ఉంది. దాదాపు 459 హెక్టార్ల ఈ పక్షి సంరక్షణ కేంద్రంలో చెరువు నీళ్లలోనే నిలిచిన చెట్ల మీద గూడబాతులు (పెలికాన్లు) గూళ్లు కట్టి పిల్లల్ని పెంచుతాయి, తిండికి మాత్రం పులికాట్‌కు పోయి వస్తాయి. నేలపట్టులో పక్షులను ఊరివాళ్లు తరతరాలుగా కాపాడుకుంటున్నారు. రెట్టలు కలిసిన చెరువు నీరు పొలాలకు ఎరువుగా పనికివస్తుందన్న ఎరుక అందులో ఉంది. బయటివారు వచ్చి నేర్పకుండానే లాభాన్నీ సంరక్షణనూ ఒకే చోట పెట్టిన పద్ధతి ఇది. 2001లో మొదలైన ఫ్లెమింగో పండుగ, కొన్నేళ్ల విరామం తరువాత 2025 జనవరిలో మళ్లీ జరిగింది. మైకులు, వేదికలు, సినిమా పాటలతో సాగే ఆ మూడు రోజులు పక్షుల పేరిట జరిగేవే అయినా, ప్రశాంతత కోరేవారు తప్పించుకోవలసిన రోజులు కూడా అవే.

తడ దగ్గరి భీమునివారిపాలెం నుంచి పడవలో ఇరకం దీవికి వెళ్లవచ్చు. ఇరకం అవరోధ దీవి కాదు, సరస్సు లోపలి దీవి. అయినా సెలవు గడపడానికి వచ్చినవారు కోరే నిశ్శబ్దం, నీటి మధ్య నివాసం, చేపల వేట మీద నడిచే జీవితం అక్కడ ఉన్నాయి. ఆ ఊరివారు బడికైనా, ఆసుపత్రికైనా పడవ ఎక్కవలసిందే. దీన్ని పర్యాటక కేంద్రంగా మార్చాలన్న ప్రతిపాదనలు ఎప్పటికప్పుడు వినిపిస్తూనే ఉంటాయి. వాటిని అంచనా వేయడానికి ఒక సూటి కొలమానం ఉంది: వచ్చిన సౌకర్యం ముందు ఊరివారికి అందుతుందా, పర్యాటకుడికి అందుతుందా? రాత్రిపూట రోగిని ఒడ్డుకు చేర్చే నమ్మకమైన పడవ లేని చోట విలాసవంతమైన కుటీరాలు కట్టడం ఏ రకంగానూ సమర్థనీయం కాదు. ఊరివారి ఇళ్లలోనే ఒకటి రెండు గదులు, వారి చేతి వంట, వారి పడవ అయితే నీటి వాడకమూ అదుపులో ఉంటుంది, డబ్బూ దీవిలోనే మిగులుతుంది.

సరస్సు ఆరోగ్యం ముఖద్వారాల మీద ఆధారపడి ఉంది. దక్షిణాన తమిళనాడులోని పళవేర్కాడు దగ్గర ఒకటి, ఉత్తరాన రాయదొరువు, కొండూరుపాలెం వైపు మరికొన్ని చోట్ల సముద్రపు నీరు సరస్సులోకి వచ్చిపోవాలి. తీరం వెంట కదిలే ఇసుకే వీటిని పూడ్చేస్తుంది. పోటు నీరు లోపలికి రాకపోతే రొయ్య పిల్ల, చేప పిల్ల రావు. వేసవిలో ఉప్పదనం సముద్రాన్ని మించుతుంది. వేట సాగక మత్స్యకారులు వలస పోతారు. చిలికాలో 2000 సెప్టెంబరులో కొత్త ముఖద్వారం తవ్వాక చేపల దిగుబడి పుంజుకున్న అనుభవం ఉంది కనుక రాయదొరువు పూడిక తీయాలన్న కోరికలో న్యాయం ఉంది. అయితే ఇసుక నడక ఆగదు కాబట్టి ఒకసారి తవ్వి శిలాఫలకం వేసి వచ్చేస్తే సరిపోదు, ఏటా నిర్వహణకు నిధులుండాలి. పర్యాటకుల నుంచి వసూలు చేసే రుసుములో కొంత భాగాన్ని దీనికే కేటాయించడం సబబు. పక్షులను చూసేందుకు వచ్చినవారు పక్షులను నిలబెట్టే నీటికి చెల్లించినట్టవుతుంది.

తిరుపతి నుంచి బయలుదేరే కుటుంబానికి ఆచరణలో ఇది ఎలా కుదురుతుందంటే, రాత్రి బస సూళ్లూరుపేటలోనో నాయుడుపేటలోనో పెట్టుకుని, ఉదయం సరస్సు రోడ్డు, ఎండ ముదిరేలోగా నేలపట్టు, సాయంత్రం భీమునివారిపాలెం పడవ అన్న క్రమం సౌకర్యంగా ఉంటుంది. బస గట్టు మీద, విహారం నీటి మీద అన్న ఈ పద్ధతి వల్ల బోర్లు, మురుగు, దీపాలు అన్న మూడు బాధలూ దీవికి తప్పుతాయి. సముద్రపు ఇసుక మీద నడవాలన్న ఆశ ఉన్నవారికి వాకాడు వైపు తూపిలిపాలెం తీరం ఉంది. అవరోధ దీవిలో సముద్రం వైపే చూడాలంటే తమిళనాడులోకి వెళ్లి పళవేర్కాడు కొసకు చేరాలి, అక్కడ మత్స్యకార పల్లెలు, డచ్చివారి కాలపు సమాధులు కూడా ఉన్నాయి. ముఖద్వారాల దగ్గర ఈత ప్రాణాంతకం, పాటు వేళ, అంటే సముద్రం వెనక్కి తగ్గేటప్పుడు, నీరు మనిషిని సముద్రంలోకి లాగేస్తుంది. 2011 డిసెంబరు 25న పులికాట్‌లో కిక్కిరిసిన విహార పడవ మునిగి 20 మందికి పైగా చనిపోయారు. లైఫ్ జాకెట్ ఇవ్వని పడవ ఎక్కకపోవడమే మేలు. అక్టోబరు, నవంబరు నెలల్లో వానలు ముంచెత్తుతాయి కనుక డిసెంబరు నెలాఖరు నుంచి ఫిబ్రవరి వరకు అనువైన కాలం.

శ్రీహరికోట నేల మీద అడుగుపెట్టాలనుకునేవారికి మిగిలిన దారి రాకెట్ ప్రయోగమే. 2019 మార్చి 31న ప్రారంభమైన వీక్షణ గ్యాలరీలో 5,000 మంది దాకా కూర్చోవచ్చు. ఆన్‌లైన్‌లో ముందుగా పేరు నమోదు చేసుకోవాలి, గుర్తింపు కార్డు వెంట ఉండాలి. సాంకేతిక కారణాలతోనో వాతావరణం వల్లనో ప్రయోగం వాయిదా పడడం మామూలే కాబట్టి, దాని మీదే ఆధారపడి సెలవులు ఖరారు చేసుకోవడం కంటే పక్షుల కోసం వెళ్లి, ప్రయోగం కలిసి వస్తే చూడడం తెలివైన పని. ప్రయోగం ఉన్న రోజున సూళ్లూరుపేట రోడ్డు వాహనాలతో నిండిపోతుంది, మత్స్యకారులను సముద్రంలోకి పోనివ్వరు, సరస్సు రోడ్డు పక్కన ఆగి పక్షులను చూసే వీలు దాదాపు ఉండదు.